నొప్పి ఉందా, మామయ్యా?

కోటు మాస్టరుకి డొక్కలో నొప్పి పోయిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికంటే ముందు కోడలికే తెలిసింది. టీ గ్లాసు పట్టుకుని మధ్యగదిలోకి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని కుడి చెయ్యి పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకుంటున్నాడు. కిందటి రోజు దాకా ఆ చెయ్యి ఎత్తాలంటే ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఊపిరి సగం తీసుకునేసరికి కుడి డొక్కలో ఎవరో సూది దించినట్టు టక్కున ఆగిపోయేవాడు. దగ్గు వస్తే దిండుని పక్కకి అదుముకుని దగ్గుని కూడా బతిమాలుకునేవాడు. తుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు, అది వచ్చిందంటే వీధిలో వాళ్ళందరికీ తెలిసిపోయేది.

"పోయిందమ్మాయ్," అన్నాడు.

"ఏం పోయింది మామయ్యా?"

"నొప్పి. తుడిచేసినట్టు పోయింది."

కిందటి రాత్రి పడుకోబోయే ముందు ఆమె ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, ఆయన డొక్క మీద కాపడం పెట్టింది. అంతకు ముందు కొడుకు పెట్టాడు. కూతురు వెనక వీధి నించి పనిగట్టుకుని వచ్చి పెట్టింది. అప్పుడు లొంగని నొప్పి ఇప్పుడు లొంగింది. మాస్టరు టీ తాగేసి, పెరట్లో మొహం కడుక్కుంటున్న కొడుక్కి వినపడేలా, "దీని హస్తవాసి మంచిదిరా," అన్నాడు.

కోడలు ఖాళీ గ్లాసు అందుకోవడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

మాస్టరు ఎవరినైనా మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు. ఆయన నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, మంచి మాట బయటికి రావాలంటే వాటిని దాటుకుని రావాలని కొడుకే నవ్వుతూ అంటుంటాడు. కోడలు ఈ ఇంటికి వచ్చాకే సూది పట్టడం నేర్చుకుంది. ఆమె వేసిన ప్రతి లైనింగునీ ఆయన వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవాడు. ఒక్క ముక్క మాట్లాడకుండా బ్లేడు తీసి ఆమె చేతిలో పెట్టేవాడు. అంటే విప్పమని. బ్లేడు ఇవ్వకుండా కోటుని పక్కన పడేస్తే ఆ రోజుకి గండం గడిచిందనుకునేది. అలాంటి మనిషి నోట పొద్దున్నే, పళ్ళు తోముకోకుండానే, ఈ మాట.

"మరి ఈవేళ హాస్పిటలుకి వెళదామనుకున్నాం కదా?" అన్నాడు కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"నొప్పి ఉన్నన్నాళ్ళూ వెళ్ళలేదు, పోయాక వెళ్ళడమేంట్రా? ఇంట్లోనే డాక్టరుంది మనకి."

నిజం చెప్పాలంటే కొడుక్కి గుండెల మీంచి బరువు దిగింది. పెద్ద హోటలు వాళ్ళు తలుపు దగ్గర నిలబడే మనుషులకి కోట్లు కుట్టిస్తున్నారు. అన్నీ కత్తిరించి సగం కుట్టి ఉన్నాయి. మాస్టరు చెయ్యి పడందే అవి కోట్లు కావు. భార్య వైపు చూసి, "నీలో ఈ విద్య కూడా ఉందా?" అని నవ్వాడు. ఆమె సిగ్గుపడింది.

కాస్త పొద్దెక్కాక ఆడపడుచు వచ్చింది. అప్పటిదాకా ఆవిడ ఈ మరదలితో మాట్లాడాల్సి వస్తే గడప వైపో, గోడ వైపో చూసి మాట్లాడేది. తండ్రి లేచి తిరగడం చూసి తిన్నగా వంటగదిలోకి వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "మా నాన్నని నిలబెట్టావే తల్లీ," అంది. ఆ చేతులు తిప్పి చూసింది, అందులో ఏమైనా రాసి ఉందేమో అన్నట్టు.

కోడలికి చాలా సంతోషం వేసింది. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా తన చేతులు తనకే కొత్తగా కనిపించాయి.

షాపంటే వేరే ఎక్కడో లేదు, ఇంటికి వీధి వైపు గదే. మధ్యలో కత్తిరించే బల్ల, గోడవార కుట్టు మిషన్లు, మూల ఇస్త్రీ బల్ల. కోడలు కిటికీ కింద ముక్కాలిపీట మీద కూర్చుని లైనింగులు వేస్తుంది. కోటు లోపల నున్నటి గుడ్డ వెయ్యడం పైకి కనిపించని పని. తొడుక్కునేవాడు కూడా దాని సంగతి పట్టించుకోడు. కానీ అది సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన కోటైనా గోనెసంచే. మొదట్లో ఆమె లైనింగుని కోటుకి గట్టిగా, దగ్గర దగ్గరగా కుట్టేసింది, ఊడిపోకూడదు కదా అని. మాస్టరు ఆ కోటు తనే తొడుక్కుని చెయ్యి ముందుకి చాపి చూపించాడు. వీపు మీద గుడ్డంతా పీక్కుపోయింది. "లైనింగు కోటుతో పాటు కదలాలి. దానికి అతుక్కుపోకూడదు. అలాగని వదిలెయ్యకూడదు. జారాలి," అన్నాడు. ఆయన ఆమెకి చెప్పిన పాఠమంటూ ఉంటే అదొక్కటే.

ఇక మాస్టరు ఇస్త్రీ తీరు చూసి తీరాల్సిందే. నీళ్ళు చిమ్మే సీసా బల్ల మీదే ఉంటుంది, ఆయన దాన్ని ముట్టుకోడు. చెంబెత్తి నీళ్ళు పుక్కిట పట్టి, పెదాలు బిగించి, ఒక్క ఊపిరిలో ఊదితే కోటు వీపు ఈ చివర నించి ఆ చివర దాకా సన్నటి తుంపర సమంగా పరుచుకుంటుంది. ఒక్క బొట్టు ఎక్కువ పడదు. ఆ కోట్లు వేసుకునే పెద్దమనుషులకి ఈ సంగతి తెలియదు, తెలియకపోవడమే అందరికీ మంచిది.

నొప్పి పోయిన రోజున ఆయన చెంబు అందుకుంటే కోడలు సూది ఆపి మరీ చూసింది. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. మాస్టరు నీళ్ళు పట్టాడు, ఊదాడు. తుంపర కోటు నడిమికి వచ్చి ఆగిపోయింది. మిగతా సగం పొడిగానే ఉంది. ఆయన బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడి, రెండోసారి నీళ్ళు పట్టాడు. ఊదబోయే ముందు ఒకసారి కిటికీ వైపు చూశాడు. కోడలు అప్పటికే తల వంచుకుని కుట్టు మొదలుపెట్టింది.

మర్నాడు ఆయన వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించాడు. అలా చిలకరిస్తే బొట్లు బొట్లుగా పడి మరకలవుతాయని కొడుకుని ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. ఇప్పుడు తనే చిలకరించి, ఆ బొట్లని అరచేత్తో రుద్దుకుంటూ ఇస్త్రీ చేశాడు. కొడుకు మిషను మీద ఉన్నాడు, చూడలేదు. కోడలు చూసింది.

చూసినవి ఇంకా ఉన్నాయి. పొద్దున్న ఆమె తలుపు తీసేసరికి మాస్టరు దిండ్లన్నీ గోడకి చేరేసి కూర్చునే నిద్రపోతున్నాడు. కత్తెర పట్టి వేరే కోటుకి ఒక చెయ్యి ముక్క కత్తిరించాక ఆగుతున్నాడు, సుద్దముక్క వెతుకుతున్నట్టు. సుద్దముక్క ఎదురుగానే ఉంది. ఒకప్పుడు గుండుసూదులు నోట్లో పెట్టుకుని, వచ్చిన మనిషికి కాలరు గురించి ఊపిరి తిప్పుకోకుండా ఉపన్యాసం ఇచ్చేవాడు. ఇప్పుడు "భుజం... బాగానే ఉంది... చెయ్యి ఎత్తండి," అని ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నాడు. భోజనం సగంలో లేచిపోతున్నాడు.

వయసు, అనుకుంది. నొప్పితో ఇన్నాళ్ళూ తిండి లేక నీరసం, అనుకుంది. అనుకున్న ప్రతిసారీ లోపల ఏదో, కాదు అంటూనే ఉంది.

ఒక సాయంత్రం భర్తతో అందామని నోరు తెరిచింది. "ఏవండీ, మామయ్యకి..." అనగానే ఎదురు వీధి గుండీల కొట్టావిడ లోపలికి వచ్చింది. ఆవిడకి మెడ పట్టేసింది. ఊరికే కాసేపు చెయ్యి వేసి నిమరమని అడగడానికి వచ్చింది, ఆడపడుచు చెప్పిందట. కోడలు చేతులు కడుక్కుని నూనె రాసి నిమిరింది. గుండీల కొట్టావిడ కళ్ళు మూసుకుని, "ఎంత హాయిగా ఉందమ్మా," అంది. ఇస్త్రీ బల్ల దగ్గర నించి మాస్టరు, "నే చెప్పలా," అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆయన మెడ కింద గుంట లోపలికి పోయి బయటికి వచ్చింది.

ఆవిడ వెళ్ళాక, "ఇందాక ఏదో అనబోయావు?" అన్నాడు భర్త.

"ఏం లేదు," అంది కోడలు.

హోటలు వాళ్ళ మనిషి కొలత చూసుకోవడానికి వచ్చిన రోజున మాస్టరు కోటు అంచు గుర్తు పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుర్తు పెట్టడం అయిపోయింది. లేవడం కాలేదు. వచ్చినాయన నవ్వుతూ చెయ్యి అందించాడు. మాస్టరు ఆ చెయ్యి పట్టుకుని లేచాడు కానీ బల్లకి ఆనుకుని నోరు తెరిచి గాలి కోసం చూశాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

ఆ మనిషి వెళ్ళగానే కోడలు దగ్గరికి వచ్చింది. "మామయ్యా, హాస్పిటలుకి వెళదాం."

"నొప్పే లేదుగా."

"నొప్పి లేకపోయినా..."

ఆయన ఆమె వైపు చూశాడు. "ఏం? నీ చెయ్యి మీద... నీకే నమ్మకం లేదా?"

నమ్మకం లేదంటే ఏమవుతుంది? ఆడపడుచు మళ్ళీ గోడతో మాట్లాడుతుంది. బ్లేడు మళ్ళీ చేతికి వస్తుంది. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో తన పేరు మీద నిలబడింది ఇదొక్కటే. ఆమె వెళ్ళి పీట మీద కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు.

మాస్టరు ఆమెకి చూపించడానికే అన్నట్టు చెంబెత్తి నీళ్ళు పుక్కిట పట్టాడు. ఊదాడు. నీళ్ళు తుంపరగా లేవలేదు. పెదాల మూలల నించి గడ్డం మీదికి, గడ్డం నించి చొక్కా మీదికి కారాయి. కొన్ని కోటు మీద పడ్డాయి. ఆయన ఆ తడిసిన చోటు కేసి తెల్లబోయి చూస్తూ నిలబడ్డాడు.

కోడలు లైనింగు కింద పెట్టి లేచింది. "ఏవండీ, మిషను ఆపండి," అంది భర్తతో. "బండి పిలవండి. ఇప్పుడే."

హాస్పిటల్లో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఫిల్ముని వెలుగుతున్న అద్దానికి తగిలించింది. ఒక పక్క నల్లగా ఉంది. రెండో పక్క కింది నించి సగానికి పైగా తెల్లగా, సున్నం పోసినట్టుంది. మాస్టరుని పక్క గదిలో మంచం మీద కూర్చోబెట్టి ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. తలుపు తెరిచే ఉంది.

"నల్లగా ఉన్నది గాలి. తెల్లగా ఉన్నది నీరు," అంది డాక్టరమ్మ.

"ఊపిరితిత్తిలో నీరా?" అన్నాడు కొడుకు.

"లోపల కాదు, చుట్టూ. ముందు నొప్పి ఉండాలే, ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు?"

"ఉండేదండి. మా మరదలు కాపడం పెట్టాక పోయింది," అంది కబురు విని వచ్చిన ఆడపడుచు, కోడలి భుజం మీద చెయ్యి వేసి. "దాని హస్తవాసి అలాంటిది."

డాక్టరమ్మ కోడలి వైపు ఒకసారి చూసింది. వెటకారంగా ఏం చూడలేదు. ఎక్స్‌రే పెట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవరు తీసుకుని బల్ల మీద పరిచింది. "ఇదిగో, ఈ కవరుకి రెండు పొరలున్నాయి కదా. ఒక పొర మన పక్కటెముకల లోపలి వైపు అంటుకుని ఉంటుంది. రెండో పొర ఊపిరితిత్తి మీద ఉంటుంది. ఊపిరితిత్తికి సొంతంగా కండ లేదు, తనంతట తను తెరుచుకోలేదు. వదిలేస్తే రబ్బరులా ముడుచుకుపోతుంది. పక్కటెముకలు లేచినప్పుడు వాటితో పాటు అదీ సాగాలి. కానీ రెంటికీ మధ్య కుట్టు లేదు, జిగురు లేదు. మరి ఎలా సాగుతుంది?"

ఆవిడ మంచినీళ్ళ సీసాలోంచి చెంచాడు నీళ్ళు కవర్లో పోసి, పైన చేత్తో రాసింది. నీళ్ళు పల్చగా పరుచుకుని రెండు పొరలూ అంటుకున్నాయి. కవరుని కోడలి ముందుకి జరిపింది. "జరిపి చూడు."

కోడలు వేలితో పై పొరని జరిపింది. కింది పొర మీద నున్నగా జారింది.

"ఇప్పుడు పైకి ఎత్తి విడదియ్యి."

ఎత్తింది. విడలేదు. పై పొరతో పాటు కింది పొర కూడా లేచి వచ్చింది.

"అంతే. ఆ కాస్త తడి చేసే పనే ఇది. పక్కటెముకలు లేస్తే ఊపిరితిత్తి వెంట వస్తుంది. వస్తూ, రాపిడి లేకుండా జారుతుంది. మనం పుట్టినప్పటి నించీ ఇలాగే."

లైనింగు, అనుకుంది కోడలు. పైకి అనలేదు.

"పొరలకి జబ్బు చేస్తే వాచి గరుకెక్కుతాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఆ నొప్పే మీ నాన్నగారికి ముందు వచ్చింది. తర్వాత ఇదిగో, ఇలా అయింది." డాక్టరమ్మ సీసా వంచి కవర్లోకి ఇంకా నీళ్ళు పోసింది. పొరలు ఎడమయ్యాయి. కవరు పొట్టలా ఉబ్బింది. "ఇప్పుడు గీరుకుంటాయా?"

"గీరుకోవు," అన్నాడు కొడుకు మెల్లిగా.

"అందుకే నొప్పి పోయింది." ఆవిడ పై పొరని రెండు వేళ్ళతో పట్టి లాగింది. పై పొర కదిలింది. కింది పొర బల్ల మీద ఎక్కడిదక్కడే పడి ఉంది. "పక్కటెముకలు లేస్తున్నాయి, ఊపిరితిత్తి రావడం లేదు. నీటి బరువుకి నలిగి ముడుచుకుంది. నొప్పి పోయిన రోజునే తీసుకొచ్చి ఉండాల్సింది."

కోడలి భుజం మీద నించి ఆడపడుచు చెయ్యి దిగిపోయింది. ఎప్పుడు దిగిందో కోడలికి తెలియలేదు, బరువు లేకపోవడం మాత్రం తెలిసింది.

మాస్టరుని బల్ల మీదికి వంచి, కింద దిండు పెట్టి, వీపు వైపు నించి సూది వేసి గొట్టం తగిలించారు. పాలు కలపని టీ రంగులో నీరు సీసాలోకి దిగింది. సీసా నిండితే ఇంకోటి పెట్టారు. ఒక మనిషి పక్కటెముకల చాటున ఇంత నీరు ఎక్కడ దాక్కుందో కోడలికి అర్థం కాలేదు. నీరు దిగుతున్న కొద్దీ ఆయన పెదాల రంగు మారింది. చివరికి వచ్చేసరికి దగ్గు అందుకుంది. దగ్గుతో పాటు, "అబ్బా, చచ్చాన్రా," అని పక్క పట్టుకున్నాడు.

"నొప్పి వచ్చిందా?" అంది డాక్టరమ్మ. "రావాలి. ఊపిరితిత్తి గోడ దగ్గరికి వచ్చింది."

ఆడపడుచు వసారాలో కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నొప్పి లేకుండా వచ్చిన మనిషిని నొప్పితో పడుకోబెట్టారు," అంది తమ్ముడితో. తర్వాత గోడ వైపు తిరిగి, "హస్తవాసట, హస్తవాసి," అంది.

డాక్టరమ్మ వెళుతూ కోడలిని పక్కకి పిలిచింది. "ఇంట్లో కనిపెట్టుకుని ఉండేది నువ్వేననుకుంటా. జాగ్రత్తగా విను. నొప్పి తగ్గుతూ ఊపిరి పొడుగైతే నయమవుతున్నట్టు. నొప్పి పోయి ఊపిరి కురచైతే మళ్ళీ నీరు చేరినట్టు. ఈ నీటిని పరీక్షకి పంపాం. కారణం ఏంటో అది వస్తేగానీ తెలియదు. కానీ అంతలోపలే మళ్ళీ చేరిందంటే మంచిది కాదు. ఒక్క పూట కూడా ఆగొద్దు."

మధ్యాహ్నం భర్త షాపు తెరవడానికి వెళ్ళాడు. ఆడపడుచు భోజనం తేవడానికి వెళ్ళింది. వార్డులో కోడలు ఒక్కతే మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. మాస్టరు చాలాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూశాడు.

"కాపడానికి ముందే పోయింది," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"నొప్పి. ఆ రోజు సాయంత్రానికే సగం తగ్గింది. నువ్వు మూట తెచ్చేసరికి దాదాపు లేదు. ఊపిరి మాత్రం అందడం లేదు."

"మరి నా హస్తవాసన్నారు?"

"లేకపోతే పొద్దున్నే వాడు ఇక్కడికి లాక్కొచ్చేవాడు. మీ అత్తయ్య ఈ హాస్పిటలు మెట్లే ఎక్కి లోపలికి వచ్చింది. దిగలేదు." కాస్త ఆగి, ఊపిరి జాగ్రత్తగా తీసుకున్నాడు. "నీ పేరు చెబితే అందరూ ఊరుకుంటారు. నువ్వూ ఊరుకుంటావు."

"నేనెందుకు ఊరుకుంటాను?"

"మెచ్చుకుంటే ఎవరు మాత్రం ఊరుకోరు?"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకుని దాచుకుని చూసుకున్న మాట అది. అది ఆయన కత్తిరించి, కొలత చూసుకుని, తన ప్రాణానికి అడ్డంగా కట్టుకున్న తెర. నాలుగు మాటలు అడిగేద్దామనుకుంది. అడగడానికి నోరు తెరిస్తే ముందు వచ్చిన మాట వేరు.

"మీరు వేళ్ళతో నీళ్ళు చల్లడం నేను చూశాను మామయ్యా."

"చూశావని నాకు తెలుసు."

పక్క మంచం మీద ఎవరికో నర్సు మందు పోస్తోంది.

ఇంతలో మాస్టరుకి దగ్గు వచ్చింది. దగ్గి, నొప్పికి మెలికలు తిరిగి, చేతికి అందిన ఆమె చెయ్యి లాక్కుని కుడి డొక్క మీద పెట్టి అదుముకున్నాడు. ఈసారి ఎవరూ చూడటం లేదు. కోడలు చెయ్యి తీసుకుందామనుకుంది, తీసుకోలేదు. ఆయన ఊపిరి తీసినప్పుడు ఆమె అరచేతి కింద, పక్కటెముకల లోపల, ఏదో గరగరా గీరుకుంది. కొత్త చెప్పులతో నడుస్తుంటే కిర్రుమన్నట్టు. ఊపిరి వదిలితే మళ్ళీ గీరుకుంది. ఆమె ఆ స్పర్శని అలాగే పట్టుకుని కూర్చుంది, గుడ్డ నాణ్యం చూసేటప్పుడు కళ్ళు మూసుకుని వేళ్ళతో చూసినట్టు.

ఇంటికి వచ్చాక ఆమె రోజూ పొద్దున్నే టీతో పాటు అదే మాట అడిగేది. "నొప్పి ఉందా, మామయ్యా?"

"ఉంది. చంపుతోంది."

"అలాగే ఉండనివ్వండి," అని గ్లాసు అందించేది. ఆ మాట ఒకరోజు ఆడపడుచు చెవిన పడింది. "ఇదెక్కడి మనిషి, నొప్పి ఉందంటే మొహం విప్పారుతుంది," అని గడపతో చెప్పుకుంది. గుండీల కొట్టావిడ మెడనొప్పి తిరిగి వచ్చింది కానీ మళ్ళీ ఇటు రాలేదు. భర్త మంచివాడే, ఏమీ అనలేదు. హస్తవాసి అన్న మాట కూడా మళ్ళీ అనలేదు.

హోటలు వాళ్ళ కోట్లు ఇంకా కొన్ని మిగిలాయి. మాస్టరు మంచం మధ్యగది నించి షాపులోకి మార్పించుకుని, అక్కడే పడుకుని కొడుక్కి చెబుతూ పని చేయించాడు. కోడలు వేసిన లైనింగులు తెమ్మని, వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పెట్టాడు. బ్లేడు అడగలేదు. ఆమె కూడా దానికి సంతోషపడలేదు. సంతోషం అంటేనే ఆమెకి ఇప్పుడు అనుమానంగా ఉంది.

పరీక్ష కాగితాలు ఇంకా రాలేదు. ఆ పొద్దున టీ తీసుకుని వచ్చేసరికి మాస్టరు లేచి కూర్చుని ఉన్నాడు. వీపు వెనక దిండు. ఆ వెనక ఇంకో దిండు.

"నొప్పి ఉందా, మామయ్యా?"

"ఉందమ్మాయ్," అన్నాడు. ముఖం చిట్లించి పక్క పట్టుకున్నాడు. "బాగా... ఉంది."

కోడలు గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆ నొప్పి ఊపిరి తీసుకునేటప్పుడు, చివరికి వచ్చేసరికి పొడుస్తుంది. ఈయన ఊపిరి తీసుకోకముందే ముఖం చిట్లించాడు. ఆమె మంచం అంచున కూర్చుంది. ఆయన వద్దనేలోపలే చొక్కా కింద నించి అరచెయ్యి కుడి డొక్క మీద పెట్టింది.

"ఊపిరి తీసుకోండి."

తీసుకున్నాడు. ఆమె చేతి కింద ఏదీ గీరుకోలేదు.

"ఇంకోసారి."

ఏమీ లేదు. పట్టుగుడ్డలా నున్నగా ఉంది. ఎడమ వైపు పక్కటెముకలు లేచి దిగుతున్నాయి. కుడి వైపు లేచీ లేవనట్టు ఉన్నాయి. అంత తొందరగానా అనుకుంది. డాక్టరమ్మ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ చెయ్యికి తెలిసినంత నిజం ఇప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మాస్టరు ఆమె కళ్ళలోకి చూశాడు. అబద్ధం దొరికిపోయిందని ఆయనకి తెలిసింది. పట్టుకున్న పక్కని వదిలేశాడు. చిట్లించిన ముఖం మామూలైపోయింది. నొప్పి లేని ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే, చూడలేక కోడలు కిటికీ వైపు తిరిగింది. బల్ల మీద ఆఖరి కోటు చేతులు వేలాడేసుకుని పడి ఉంది.

"అది అయ్యేదాకా... ఆగుదాం," అన్నాడు. "కాలరొక్కటే ఉంది."

"ఆయన వేస్తారు. నేను లైనింగు వేస్తాను. మీరు చొక్కా మార్చుకోండి."

"వాడితో అనకు. నొప్పి... ఉందనే చెప్పు."

ఆమె లేచి, గోడకి తగిలించిన ఉతికిన చొక్కా దులిపి తెచ్చింది. లోపలికి కేకేసింది. "ఏవండీ, బండి పిలవండి."

లోపల భర్త ఏమైందని అడుగుతున్నాడు. మాస్టరు ఆమె చేతిలో చొక్కా వైపు, చొక్కా పట్టుకున్న చేతి వైపు చూశాడు.

"నీ హస్తవాసి మంచిది కాదే అమ్మాయ్," అన్నాడు.

"కాదు మామయ్యా," అంది కోడలు.

ఆయన, ఎవరో కొలత తీసుకోవడానికి వచ్చినట్టు, రెండు చేతులూ ఎడంగా చాపాడు. ఆమె ముందు కుడి చెయ్యి తొడిగింది.